కొరియా కైమా – మన పొయ్యి

ఇటువంటి సంచికలో చరిత్ర వ్యాసమనగానే రాజుల వంశములు, యుద్ధములు, శాసనములు జ్ఞప్తికి రావడము సహజము. అవి వ్రాయదగినవే. కాని రాజు ఎవరైనా, రాజ్యము ఏదైనా, ప్రొద్దు గూకగానే ప్రతి ఇంటిలోను పొయ్యి వెలిగించక తప్పలేదు. ఆ పొయ్యికి కూడ చరిత్ర ఉన్నది. ఈ సంవత్సరము అందులో ఒక చిన్న ప్రకరణమును మన కుటుంబముల ముందుంచవలెనని తలచినాము.

మన దొడ్డబళ్ళాపురములో కొన్ని తెలుగు ఇండ్లలోనికి రాత్రి భోజనమునకు ఒక కొత్త కూర వచ్చి చేరినది. పిల్లలు దానిని "కొరియా కైమా" అంటున్నారు. కైమాను పెనములో వేయించి, సోయా సాస్, బెల్లము, వెల్లుల్లి, అల్లము, కారము, నువ్వుల నూనె కలిపి, ఉల్లికాడలు చల్లి, వేడి అన్నము మీద వేసుకొని తినడమే ఆ వంట. మసాలా నూరవలసిన పని లేదు. అన్నము ఉడికే లోపల కూర సిద్ధమవుతుంది.

పెద్దలలో కొందరికి ఇది రుచించడము లేదు. నాలుకకు కాదు, మనసుకు. "ఊరు విడిచి వచ్చినాము సరే, తిండి కూడ విడవవలెనా?" అని వారి ప్రశ్న. "మీకు తెలియదులే తాతా" అని పిల్లల జవాబు. ఈ రెండు మాటల నడుమ, పగలంతా పనిచేసి వచ్చి నిలువుకాళ్ళ మీద వండిపెట్టిన ఇల్లాలు మాట పడుతున్నది. ఆమె పక్షమున చరిత్ర ఏమి చెబుతున్నదో చూడవలెనన్నదే ఈ వ్యాసమునకు కారణము.

కైమా అను మాట

మొదట కైమా సంగతి. ఈ మాట మనకు పుట్టుకతో వచ్చినది కాదు. తురుష్క భాషలో కొట్టి ముక్కలు చేసిన మాంసమునకు "కియ్మా" అని పేరు. అది పారశీకములో "కీమా" అయి, దక్కనునకు వచ్చి మన నోటిలో "కైమా" అయినది. కన్నడ సోదరులు కూడ కైమా అనే అంటారు. బెంగుళూరులోని మిలిటరీ హోటళ్ళలో రాగి ముద్ద ప్రక్కన పెట్టే కైమా ఉండలు ఎరుగని మాంసాహారి ఈ ప్రాంతములో అరుదు.

ఈ మాట మన ఊరికి చేరిన త్రోవ ఊరి చరిత్రలోనే కనబడుతుంది. విజయనగరపు కాలము గడచిన తరువాత, 17వ శతాబ్దమున దొడ్డబళ్ళాపురము బిజాపురపు సుల్తానుల అధికారము క్రిందికి వచ్చినది. 1687లో మొగలాయిలు శిరా పట్టణము ముఖ్యస్థానముగా ఒక సుబాను ఏర్పరచినారు. ఆ ఏలుబడిలో ఈ ఊరు అబ్బాస్ కులీఖానుకు జాగీరుగా ఉండినది. 1761లో హైదరాలీ దీనిని వశపరచుకొన్నాడు. ఇన్ని చేతులు మారిన ఊరిలో కోటలు, మసీదులు, మగ్గములు నిలిచినట్లే, వంటలు కూడ నిలిచినవి. సుల్తానుల కొలువులోని పారశీకపు మాట నేడు తెలుగు మాట్లాడే నేతగాని ఇంటిలో వినబడుతున్నది. దానిని పరదేశపు మాట అని ఎవరూ త్రోసివేయలేదు.

మాంసమును సంభారములతో వండే విద్య మాత్రము అంతకు ముందే ఈ నేలపై ఉన్నది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో మాంసపు వంటకములు ఎన్నో వర్ణింపబడినవి. కనుక క్రొత్త మాట వచ్చినది గాని, క్రొత్త ఆకలి రాలేదు.

కొరియాలో గోమాంసపు కథ

ఇక కొరియా సంగతి. వారి ప్రసిద్ధ వంటకము "బుల్గోగి". "బుల్" అనగా నిప్పు, "గోగి" అనగా మాంసము. పలుచగా కోసిన గోమాంసమును సోయా సాస్, వెల్లుల్లి, నువ్వుల నూనెలలో నానబెట్టి నిప్పుపై కాల్చుతారు. తీపికి తేనెను గాని, వారి దేశపు బేరిపండు కోరును గాని చేర్చుతారు. ఆ పండు మాంసమును మెత్తబరచుతుంది కూడ.

దీని మూలము కొగురియో రాజ్యమునాటి "మేక్జోక్" అను కాల్చిన మాంసమని కొరియావారు చెప్పుకొంటారు. ఆ రాజ్యమునకు 372లో బౌద్ధము వచ్చినది. తరువాత 918 నుండి 1392 వరకు సాగిన కొర్యో రాజ్యములో బౌద్ధమునకు రాజాదరణ లభించి, మాంసాహారము తగ్గినది. 13వ శతాబ్దమున మంగోలుల ప్రాబల్యముతో మరల పెరిగినది. 1392లో మొదలైన చోసోన్ రాజ్యములో పెద్దల ఇండ్లలో దీనికి "నొబియాని" అని పేరు. 19వ శతాబ్దము చివరి నాటి "సియిజోన్సో" అను వంట గ్రంథములో ఆ పేరు కనబడుతుంది. "బుల్గోగి" అను పేరు జనములో వ్యాపించినది 20వ శతాబ్దమున.

ఇచ్చట మనము గమనించదగిన విషయమొకటి ఉన్నది. అదే చోసోన్ రాజులు పశువులను కోయరాదని మాటిమాటికి ఆజ్ఞలు జారీచేసినారు. కారణము మతము కాదు, సేద్యము. దుక్కిటెద్దు లేకుంటే వరిమడి లేదు, వరి లేకుంటే రాజ్యము లేదు. ఇంతకు, ఆజ్ఞలు మాటిమాటికి ఇవ్వవలసి వచ్చినదంటేనే జనము వాటిని మాటిమాటికి దాటినారని అర్థము. గోమాంసమనగా కొరియా రైతుకు పండుగనాటి తిండి, జబ్బుపడి లేచినవానికి పెట్టే తిండి. దినదినము తినేది కాదు. ప్రతి శీతకాలమున ఘాటి సుబ్రహ్మణ్యములో జరిగే పశువుల జాతరను చూచినవారికి, ఎద్దును కన్నబిడ్డవలె తోముకొని తెచ్చే రైతును చూచినవారికి, ఆ దూరదేశపు రైతు మనసు వేరుగా వివరించనక్కరలేదు.

కైమాగా మారినది ఎచ్చట?

మరి పలుచని ముక్కల బుల్గోగి కైమా కూరగా మారినది ఎచ్చట? అది అమెరికాలో జరిగినది. 1903 జనవరి 13న కొరియా కూలీల మొదటి ఓడ హవాయి దీవులలోని హొనొలులు చేరినది. వారు చెరకు తోటలలో పనికి వెళ్ళినవారు. చెరకు తోటలకై ఫిజీకి, మారిషస్‌కు, నేటాలుకు ఓడలెక్కిన మన తెలుగువారి గతి వంటిదే వారి గతి. తరువాత 1965లో అమెరికా తన వలస చట్టమును మార్చినది. ఆ చట్టము తెరచిన ద్వారముననే కొరియావారును, మన తెలుగు వైద్యులు, ఇంజనీర్లును ప్రక్కప్రక్కన లోపలికి నడచినారు.

అమెరికాలో మరలో కొట్టిన గోమాంసము ప్రతి అంగడిలోను దొరుకుతుంది, ధర తక్కువ. మాంసము కొట్టే మర 19వ శతాబ్దమున వచ్చినది. పలుచగా కోసిన మంచి మాంసము ప్రియము. దానిని కోయుటకు, నానబెట్టుటకు తీరిక కావలెను. రాత్రి చీకటి పడ్డాక ఇల్లు చేరే కుటుంబమునకు ఆ తీరిక ఎక్కడిది? కనుక బుల్గోగి రుచులనన్నింటిని కైమాలో కలిపి పదిహేను నిమిషములలో ముగించే పద్ధతి అక్కడి ఇండ్లలో వ్యాపించినది. బేరిపండునకు బదులు బెల్లపు రంగు చక్కెర వేసినారు. కొరియాలోని అవ్వ దీనిని చూచినట్లయితే "ఇది మాది కాదు" అని ఉండును. కాని రుచి చూచి ఇంకొంచెము వడ్డించుకొని కూడ ఉండును.

ఇది వలస వచ్చినవారి వంట. సొంత ఊరి రుచిని, పరాయి ఊరి అంగడిని, లేని తీరికను ఒక్క పెనములో కలుపుకొన్న వంట. వలస వచ్చిన మనకు దీని మర్మము ఇతరులకంటె బాగుగా తెలియవలెను.

మన దేశమునకు వచ్చిన త్రోవ

కొరియాకు మనకు పరిచయము నిన్నటిది కాదు. 1950లో అక్కడ యుద్ధము రాగా, మన దేశము తుపాకులు పంపలేదు, వైద్యులను పంపినది. లెఫ్టినెంట్ కర్నల్ ఎ. జి. రంగరాజ్ నాయకత్వమున 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ ఆ సంవత్సరము నవంబరులో అక్కడికి చేరి గాయపడినవారికి చికిత్స చేసినది. 1953లో యుద్ధఖైదీలను వారివారి ఇండ్లకు చేర్చే తటస్థ దేశముల కమిషన్‌కు మన కొడగు బిడ్డ జనరల్ కె. ఎస్. తిమ్మయ్య అధ్యక్షుడైనాడు. ఆ నాడు మన సైనికులు చూచిన కొరియా, ఆకలితోను, చలితోను వణికిన దేశము.

ఆ దేశమే తరువాత కర్మాగారములు కట్టించే దేశమైనది. 1990ల చివరి భాగమున హుందాయి కార్ల కర్మాగారము చెన్నై సమీపమున వెలసినది. 2019లో కియా కర్మాగారము మన తెలుగునాట పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ప్రారంభమైనది. పెనుకొండ మనకు దూరమా? యలహంక నుండి బయలుదేరిన రైలు దొడ్డబళ్ళాపురము, గౌరిబిదనూరు, హిందూపురము దాటి పెనుకొండ మీదుగానే ధర్మవరము వెళుతుంది. 1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర రాజులు తలదాచుకొన్న ఆ కొండ క్రింద నేడు కొరియా లిపిలో పలకలు, కొరియా భోజనశాలలు కనబడుతున్నవి. మన బంధువుల బిడ్డలే కొందరు అక్కడ పని చేస్తున్నారు. టెలివిజనులోను, చేతి ఫోనులోను కొరియా నాటకములు చూచి పిల్లలు నేర్చినది కొంత. ఈ రైలు మార్గమున వచ్చినది కొంత.

ఎవరి పళ్ళెము వారిది

అమెరికాలో ఈ కూరకు గోమాంసము వాడుతారని చెప్పినాము. మన రాష్ట్రములో చట్టము వేరు. 1964 నాటి చట్టము ముసలి ఎద్దులను, గేదెలను అనుమతితో కోయనిచ్చేది. 2021లో అమలునకు వచ్చిన 2020 చట్టము ఆవును, దూడను, ఎద్దును ఏ వయసులోనైనా కోయరాదన్నది. 13 సంవత్సరములు దాటిన గేదెలకు మాత్రము మినహాయింపు. కనుక దొడ్డబళ్ళాపురములో ఈ వంటకు పొట్టేలు కైమా గాని, కోడి కైమా గాని వాడడము పరిపాటి.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటముగా చెప్పవలెను. పెద్దమాంసము తరతరాలుగా తినేవారు మన తెలుగువారిలో ఉన్నారు. అసలు మాంసమే ముట్టనివారు ఉన్నారు. శనివారము మాని ఆదివారము తినేవారు ఉన్నారు. వీరందరు కలిసి ఉగాదినాడు ఒకే పచ్చడి తింటున్నారు. పరాయి ఊరిలో ఒకరి పళ్ళెమును చూచి ఒకరు ముఖము చిట్లించుకొంటే మన సంఘము నిలువదు. మాంసము తిననివారు ఇదే కూరను మీల్‌మేకరుతో చేసుకొనవచ్చును. ఆ పద్ధతి క్రింద వ్రాస్తున్నాము.

మనది ఏది, పరాయిది ఏది?

ఇప్పుడు పెద్దల ప్రశ్నకు వద్దాము. ఈ గిన్నెలో ఉన్న సరకులను ఒక్కొక్కటిగా చూడండి.

మిరపకాయ అమెరికా ఖండపు పంట. 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. కొరియాలో దాని ప్రస్తావన 1614 నాటి గ్రంథములో కనబడుతుంది. అనగా గుంటూరు కారమునకు, కొరియా కారమునకు తల్లి ఒక్కతే, ఇద్దరింటికి వచ్చిన వయసు కూడ దాదాపు ఒక్కటే. అంతకు ముందు మన తాతలు మిరియముతో కారము తిన్నారు.

నువ్వులు మన దేశపు పంట. హరప్పా త్రవ్వకములలో దొరికినవి. ఇక్కడినుండే తూర్పు దేశములకు వెళ్ళినవి. సంస్కృతమున తిలల నుండి తైలము అను మాట వచ్చినట్లే, తెలుగున నువ్వుల నెయ్యి నుండి "నూనె" అను మాట వచ్చినది. కొరియా వంటకు ప్రాణమైన ఆ వాసన, మనము పంపిన గింజ వాసన.

చెరకు రసమును కాచి బెల్లము, చక్కెర చేసే విద్య ప్రాచీన కాలము నుండి మన దేశమున ఉన్నది. ఒక్క సోయా మాత్రము నిజముగా తూర్పు ఆసియాది. ఇక మన ప్రాణమైన రాగి ఎక్కడిది? వేల యేండ్ల క్రితము తూర్పు ఆఫ్రికా నుండి వచ్చినది. ఊరిబిండిలోని చెనిక్కాయ దక్షిణ అమెరికాది. ముద్దను, ఊరిబిండిని మనవి అంటున్నాము; అనడము న్యాయమే. మన అవ్వలు తమ చేతులతో వండి మన నోటికి అందించినారు గనుక అవి మనవైనవి. ఒక వంట మనదయ్యేది ఆ విధముగానే.

సాయంకాలపు గంట

త్వరగా వండుకోవడము సోమరితనమని కొందరి అభిప్రాయము. ఇదియు చరిత్రకు నిలిచే మాట కాదు. మగ్గపు గుంటలో ప్రొద్దున దిగి ప్రొద్దు గూకి లేచే ఇంటిలో రాత్రి వంట ఏనాడును నిదానముగా జరగలేదు. రాగి సంగటి గెలికి, ఉన్న ఆకుతో పులుసు కాచి, రోటిలో నూరిపెట్టిన కారముతో తిన్నారు. ఆ కారము ఆదివారము నూరి వారమంతా వాడినది. ఊరగాయ వేసవిలో పెట్టి సంవత్సరమంతా తిన్నది. మన వంటలలో శ్రమ అంతా ముందే చేసిపెట్టుకొన్న శ్రమ. సోయా సాస్ కూడ అంతే; నెలల తరబడి పులిసిన చిక్కుడు జాతి గింజల శ్రమ ఆ సీసాలో దాగి ఉన్నది.

నేడు మన స్త్రీలలో ఎందరో అపెరల్ పార్కులోని బట్టల మిల్లులలో పనిచేస్తున్నారు. మరికొందరు ఇంటిలోనే మరమగ్గముల చప్పుడు మధ్య కండెలు చుట్టుతున్నారు. చేతి మగ్గము పోయి మరమగ్గము వచ్చినప్పుడు "ఇది మన నేత కాదు" అని ఇల్లాలిని ఎవరు నిందించినారు? సంపాదన ఇచ్చే యంత్రమును లోపలికి రానిచ్చి, ఆమెకు అరగంట విశ్రాంతి ఇచ్చే కూరను మాత్రము వాకిట నిలబెట్టడము న్యాయము కాదని మా మనవి. వండినవారు అందరికంటె చివర, చల్లారిన అన్నము తినడము మన ఇండ్లలో పాత ఆచారము. పాతది గనుక నిలుపుకొనవలసినది మాత్రము కాదు. కూర పదిహేను నిమిషములలో ముగిసిన నాడు ఆమె కూడ అందరితో పాటు వేడిగా కూర్చుండి తింటుంది.

వండే విధము

నలుగురికి సరిపడు కొలత చెబుతున్నాము. కైమా అర కిలో, సోయా సాస్ 4 పెద్ద చెంచాలు, బెల్లపు పొడి 2 పెద్ద చెంచాలు, వెల్లుల్లి 6 రెబ్బలు, అల్లము అంగుళము ముక్క, కారము 1 చిన్న చెంచా, నువ్వుల నూనె 1 పెద్ద చెంచా, వేయించిన నువ్వులు 1 చెంచా, ఉల్లికాడలు ఒక కట్ట. సోయా సాస్‌లోనే ఉప్పు ఉన్నది గనుక వేరే ఉప్పు వేయరాదు. చివర రుచి చూచి అవసరమైతే చిటికెడు వేయవచ్చును.

కైమాను అంగడిలో కళ్ళ ఎదుట కొట్టించుకొని, ఆ దినమే వండవలెను. ముక్కకంటె కైమా త్వరగా చెడిపోతుంది. మొదట అన్నము పొయ్యిమీద పెట్టండి. సోయా సాస్‌లో బెల్లము, కారము కలిపి ఉంచండి. వెల్లుల్లి, అల్లము దంచండి. ఈ పని ఇంటిలోని మగవారికి, పెద్ద పిల్లలకు అప్పగించవచ్చును.

బాణలి బాగుగా కాగిన తరువాత కొంచెము నూనె వేసి కోడి కైమాను పరచి, గరిటెతో గడ్డలు చిదుపుతూ వేయించండి. మొదట నీరు ఊరుతుంది. ఆ నీరు ఇగిరి కైమా ఎర్రబడే వరకు ఆగడములోనే రుచి ఉన్నది. ఎక్కడను పచ్చి కనబడరాదు. దానికి సుమారు 8 నుండి 10 నిమిషములు. అప్పుడు అల్లము, వెల్లుల్లి వేసి ఒక నిమిషము త్రిప్పి, కలిపిన సోయా సాస్ పోసి, రెండు మూడు నిమిషములలో ముక్కకు పట్టగానే దించి, నువ్వుల నూనె, ఉల్లికాడలు, నువ్వులు చల్లండి. పొట్టేలు కైమా అయితే ముందుగా కొంచెము నీటితో కుక్కరులో మూడు నాలుగు కూతలు రానిచ్చి, తరువాత బాణలిలో నీరు ఇగరనివ్వవలెను.

కొరియావారి నూనె వేయించిన నువ్వులనుండి తీసినది. మన గానుగ నూనె పచ్చి నువ్వులది. కాబట్టి మన నూనె వాడేవారు వేయించిన నువ్వులను కొంచెము నలిపి చేర్చినట్లయితే ఆ వాసన వస్తుంది. మీల్‌మేకరు వాడేవారు దానిని వేడినీటిలో నానబెట్టి, గట్టిగా పిండి, మిక్సీలో బరకగా త్రిప్పి ఇదే విధముగా వేయించవలెను. ప్రక్కన దోసకాయ ముక్కలపై కొంచెము నిమ్మరసము, కారము చల్లుకొంటే బాగుంటుంది. ముద్దతో తినదలచినవారు ఒక గ్లాసు వేడినీరు పోసి పలుచగా దించుకొనవలెను; ముద్ద మ్రింగుటకు పులుసు కావలెను గదా.

మరునాటి పండుగ

ఈ సీమలో ఉగాది మరునాడు "హొస తొడకు" జరుపుతారు. ఉగాదినాడు తీపి భక్ష్యము, మరునాడు మాంసపు భోజనము. వాడకట్టువారందరు డబ్బు పోగుచేసి పొట్టేలును కొని, మాంసమును సమానముగా పోగులు వేసి పంచుకొనే పద్ధతి ఉన్నది. దానినే "గుడ్డె మాంసము" అంటారు. ఈ ఆచారమును కన్నడ సోదరులతో కలిసి పాటించే తెలుగు కుటుంబములు ఉన్నవి. పండుగనాడు మసాలా నూరి, గంటలకొద్ది ఉడికించి తినండి. ఆ కూరకు సాటి లేదు. మిగిలిన పోగులో అర కిలో కైమా కొట్టించి ఆ రాత్రికి ఈ కొత్త కూర చేసి చూడండి. పెద్దలకు మొదట వడ్డించండి. వండినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనండి.

వేపపువ్వు, చింతపండు కలిసినదే ఉగాది పచ్చడి. పాతదానిని మరువక, క్రొత్తదానికి వెరువక మన కుటుంబములన్నియు ఈ నూతన సంవత్సరమున ఆయురారోగ్యములతో, నిండిన పళ్ళెములతో వర్ధిల్లవలెనని కోరుచున్నాము.